పెళ్లి సంబంధాలు చూసే టైంలో అమ్మాయి ఫేస్‌బుక్ ప్రొఫైల్ లాక్ తీసేయాలా?

పెద్దక్క_గుంటూరు
అందరికీ నమస్తే. మా చెల్లికి సంబంధాలు చూస్తున్నాం, బీటెక్ అయ్యి హైదరాబాద్‌లో జాబ్ చేస్తోంది. ఒక సంబంధం జాతకాలు కుదిరాయి, ఫోటోలు నచ్చాయి, ఇక పెళ్లిచూపులే అనుకుంటుంటే మధ్యవర్తి ఫోన్ చేసి అబ్బాయి వాళ్ల అమ్మగారు వెనక్కి తగ్గుతున్నారు అన్నారు. కారణం ఏంటంటే చెల్లి ఫేస్‌బుక్ లాక్ చేసి ఉందట, ఇన్‌స్టా ప్రైవేట్ అట, అబ్బాయి పిన్ని రిక్వెస్ట్ పంపితే యాక్సెప్ట్ చేయలేదట, "అంత దాచుకోవాల్సింది ఏముంది" అని అడిగారట. నాన్న ఏమో పెళ్లి అయ్యేదాకా ఓపెన్ చేసి పెట్టమంటున్నారు, చెల్లి ససేమిరా అంటోంది, మధ్యలో నేను నలిగిపోతున్నాను. మీ ఇళ్లల్లో ఎలా చేశారో చెప్పండి ప్లీజ్.

మేనత్త_తణుకు
అమ్మాయ్, మీ నాన్నగారి మాట వినండి. మా రోజుల్లో సంబంధం అంటే ఊళ్లో నలుగుర్నీ అడిగేవాళ్లం, వాళ్ల వీధిలో కిరాణా కొట్టు అతన్ని అడిగేవాళ్లం, చదివిన కాలేజీలో తెలిసినవాళ్లుంటే కనుక్కునేవాళ్లం, అబ్బాయి గురించీ అంతే అమ్మాయి గురించీ అంతే, జీవితాంతం కలిసుండాల్సిన వాళ్లు కదా. ఇప్పుడు హైదరాబాద్ అపార్ట్‌మెంట్‌లో పక్క ఫ్లాట్ వాళ్లకే పేరు తెలీదు, ఎవర్ని అడుగుతాం చెప్పండి. ఆరా తీయడానికి ఈ ఫేస్‌బుక్ ఒక్కటే మిగిలింది, అదీ తాళం వేసేస్తే అవతలివాళ్లు ఏమనుకోవాలి. రెండు నెలలు తీసి పెట్టి పెళ్లయ్యాక మళ్లీ వేసుకోమనండి, పోయేదేముంది.

బందరు_లడ్డు
లాక్ ఉంచండి. సంబంధాలు ఇంకా వస్తాయి.

సీను_సెట్టింగ్స్
ముందు ఒక విషయం క్లియర్ చేసుకుందాం, లాక్ చేస్తే మొత్తం మాయమైపోతుంది అనుకుంటున్నారు అందరూ. ఈ ప్రొఫైల్ లాక్ 2020 మేలో మన దేశంలో వచ్చింది, ముఖ్యంగా ఆడవాళ్ల కోసమే తెచ్చారు. లాక్ చేస్తే ఫ్రెండ్స్ కానివాళ్లకి ఫోటోలు, పోస్టులు కనబడవు, ప్రొఫైల్ ఫోటో నొక్కినా పెద్దది అవదు, పాత పబ్లిక్ పోస్టులు కూడా ఫ్రెండ్స్‌కి మారిపోతాయి. కానీ ఏ సినిమా పేజీ కిందో న్యూస్ చానల్ పోస్టు కిందో పెట్టిన కామెంట్ లాక్‌లో ఉండదు, ఆ పోస్టు పబ్లిక్ అయితే మన కామెంటూ పబ్లిక్కే. అంటే అమ్మాయి నలుగురిలో ఎలా మాట్లాడుతుందో తెలియాలంటే లాక్ తీయక్కర్లేదు.
ఇంకోటి, ప్రొఫైల్ లాక్ చేసుకుని, ఫోన్ నంబర్‌తో నన్ను ఎవరు వెతకొచ్చు అన్నచోట ఎవ్రీవన్ అని వదిలేసేవాళ్లు బోలెడుమంది. 2021 ఏప్రిల్‌లో 53 కోట్ల మందికి పైగా ఫేస్‌బుక్ యూజర్ల వివరాలు, ఫోన్ నంబర్లతో సహా, బయట పడ్డాయి కదా, అవి హ్యాక్ చేసి తీసినవి కాదు, నంబర్లు గుట్టగా అప్‌లోడ్ చేసి ఏ నంబర్ ఏ అకౌంట్‌దో పోల్చుకుని తీసినవి. లాక్ దాన్ని ఆపదు. ముందు మీ చెల్లిని ఆ సెట్టింగ్ చూసుకోమనండి.

మేనత్త_తణుకు
తమ్ముడూ నేను అడిగింది ఫోన్ నంబర్ గురించి కాదు కామెంట్ల గురించీ కాదు. కొత్త ఇంటి మనుషులు ఒకసారి చూస్తాం అంటే చూపించడానికి ఏంటి అభ్యంతరం అని.

సీను_సెట్టింగ్స్
లాక్ తీస్తే చూసేది కొత్త ఇంటి మనుషులు ఒక్కళ్లే కాదండీ. అందరూ చూస్తారు. ఫలానా వాళ్లకి మాత్రం తెరుద్దాం అంటే లాక్‌తో పని లేదు, వాళ్ల రిక్వెస్ట్ యాక్సెప్ట్ చేస్తే చాలు. నేను చెప్పేది అదే, మీరు అడుగుతున్న పనికి ఆ బటన్ కాదు.

ఎర్రమందారం_వరంగల్
మేనత్త గారూ, "పోయేదేముంది" అన్నరు గదా, ఏం పోతదో నేను చెప్త. పీజీల ఉన్నప్పుడు నా ప్రొఫైల్ ఓపెన్‌ల ఉండె. నాతోని మాట్లాడతలేదని మా బ్యాచ్‌ల ఒకడు నా ఫోటోలు తీస్కొని నా పేరు మీదనే ఇంకో అకౌంట్ చేసిండు. మా బాబాయి పిల్లలకు, మాకు పాఠాలు చెప్పే సార్లకు రిక్వెస్టులు పంపి రాయరాని మెసేజ్‌లు పెట్టిండు, నాకు తెలిసేసరికి సగం చుట్టాలకు తెలిసిపోయింది. పోలీసుల షీ టీమ్స్‌కు కంప్లైంట్ ఇచ్చినం, వాడు దొరికిండు, అకౌంట్ తీసేయించిన్రు. కని ఇంట్ల మా పెద్దోళ్లు నన్ను అడిగిన మొదటి మాట ఏంది తెలుసా, "అసలు నువ్వు ఫోటోలు ఎందుకు పెట్టినవ్" అని. అప్పుడు ఓపెన్ పెడితే తప్పు నాది, ఇప్పుడు ఈ పిల్ల లాక్ పెడితే తప్పు ఈమెది. ఎట్ల ఉండాల్నో మీరే చెప్పండి.

మేనత్త_తణుకు
మీకు జరిగింది చాలా దారుణం అమ్మా, వాడికి శిక్ష పడాల్సిందే. కానీ ఒక దుర్మార్గుడు చేశాడని సంబంధం మాట్లాడుకోవడానికి వచ్చినవాళ్లని కూడా అదే గాటన కట్టేస్తే ఎలా. వాళ్లు దొంగలు కాదు కదా.

కోర్టు_గుమాస్తా
2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు 9 మంది జడ్జీల బెంచ్ ప్రైవసీ ప్రాథమిక హక్కు అని తేల్చేసింది. చూపించమని అడగడానికి ఎవరికీ హక్కు లేదు.

మేనత్త_తణుకు
పెళ్లి సంబంధానికి సుప్రీంకోర్టు ఎందుకండీ మధ్యలో.

సీను_సెట్టింగ్స్
కోర్టు గారూ, ఆ తీర్పు ప్రధానంగా ప్రభుత్వం మన జోలికి ఎంతవరకు రావచ్చు అన్నదాని మీద. ఇంట్లోవాళ్ల దగ్గర అది పనికిరాదు. 2023లో వచ్చిన డేటా చట్టం కూడా అంతే, సొంత అవసరానికి ఇంటి అవసరానికి ఎవరైనా మన వివరాలు వాడుకుంటే అది వర్తించదు, మనంతట మనమే పబ్లిక్‌గా పెట్టుకున్న వివరాలకీ వర్తించదు. అంటే లాక్ తీసి పెట్టాక ఎవరో చూశారు, సేవ్ చేసుకున్నారు అని ఆ చట్టం పట్టుకుని అడగలేం. అందుకే తీసే ముందే ఆలోచించుకోవాలి అంటున్నా.

నెల్లూరు_కుర్రోడు
ఇంతకీ అబ్బాయి ప్రొఫైల్ ఎవరైనా చూశారా?

పెద్దక్క_గుంటూరు
చూశాం అండీ. అతనిదీ లాకే, ప్రొఫైల్ ఫోటోలో వెంకటేశ్వరస్వామి ఉన్నారు, ఇంకేం కనబడలేదు. మేం దాని గురించి అడగలేదు, మగపిల్లాడు కదా అని ఇంట్లో ఎవరికీ అడగాలన్న ఆలోచన కూడా రాలేదు. అబ్బాయి అమెరికాలో హెచ్1బి మీద ఉన్నాడు.

ఎర్రమందారం_వరంగల్
అగో. అతను లాక్ పెట్టుకుంటే జాగ్రత్త, ఈమె పెట్టుకుంటే దాచుడు.

డాలస్_నాని
హెచ్1బి అన్నారు కాబట్టి ఒక మాట. పెళ్లయ్యాక మీ చెల్లికి హెచ్4, అంటే హెచ్1బి వాళ్ల భార్యకిచ్చే వీసా, కావాలి కదా. 2025 జూన్‌లో ఎఫ్, ఎం, జె (చదువు, ఎక్స్చేంజ్) వీసాలకి అప్లై చేసేవాళ్లని సోషల్ మీడియా అకౌంట్లు అన్నీ పబ్లిక్‌లో పెట్టుకోమన్నారు, డిసెంబర్ 15 నుంచి హెచ్1బి, హెచ్4 వాళ్లకీ అదే పెట్టారు. వీసా అప్లికేషన్ డీఎస్ 160 ఫారంలో గడిచిన 5 ఏళ్లలో వాడిన అకౌంట్ల పేర్లన్నీ రాయాలి. మా తోడల్లుడి కూతురు ఎంఎస్‌కి వచ్చేటప్పుడు ఇంటర్వ్యూ ముందు అన్నీ ఓపెన్ చేసుకుంది, స్టాంపింగ్ అయ్యాక మూసుకుంది. ఎలాగూ తీయాల్సిందే అయినప్పుడు ఇప్పుడు తీస్తే ఏమైంది, సంబంధం నిలబడుతుంది కదా, మంచి కుర్రాడైతే పోగొట్టుకోవద్దు.

మేనత్త_తణుకు
ఇదిగో, ఇప్పటిదాకా నేను చెప్పేది ఎవరికీ ఎక్కలేదు. ముక్కూమొహం తెలియని అమెరికా ఆఫీసర్ అడిగితే అన్నీ తెరిచి చూపిస్తారు, ఇంటికి కోడలిగా తెచ్చుకోబోయే అత్తగారు అడిగితే మాత్రం ప్రైవసీ గుర్తొస్తుంది. ఏమిటమ్మా ఈ న్యాయం.

ఎర్రమందారం_వరంగల్
ఆ రూల్ కూడ నాకు నచ్చదు, తప్పక తీస్తున్నరు గని ఇష్టపడి తీస్తలేరు ఎవ్వరు. అయినా ఆఫీసర్ చూసి వీసా ఇస్తడు లేకుంటే లేదంటడు, అక్కడికి ఒడిసిపోతది. ఫోటోల నీ పక్కన నిలబడ్డ పిలగాడు ఎవడు అని దసరాకు అందరి ముంగట అడగడు. మీ ఆడపడుచుకు స్క్రీన్‌షాట్ పంపడు. రెండూ ఒకటే ఎట్లయితయి.

డాలస్_నాని
నేను రెండూ ఒకటే అనలేదు. ప్రాక్టికల్‌గా చెప్పాను.

సీను_సెట్టింగ్స్
దీనికి ఇంత గొడవ అక్కర్లేదు, దారి ఉంది. ఆ పిన్ని గారి రిక్వెస్ట్, అత్తగారి రిక్వెస్ట్ యాక్సెప్ట్ చేసేయమనండి. తర్వాత వాళ్లిద్దర్నీ రెస్ట్రిక్టెడ్ లిస్టులో పెట్టాలి. ఆ లిస్టులో ఉన్నవాళ్లకి ఫ్రెండ్ అనే చూపిస్తుంది కానీ పబ్లిక్ పోస్టులు, వాళ్లని ట్యాగ్ చేసినవి తప్ప ఏమీ కనబడవు, లాక్‌లో ఉన్న ప్రొఫైల్‌కి పబ్లిక్ పోస్టులు ఉండవు కాబట్టి దాదాపు ఖాళీగా కనబడుతుంది. వాళ్లకి నోటిఫికేషన్ కూడా వెళ్లదు. ఫ్రెండ్స్ లిస్ట్ ఓన్లీ మీ (నాకు మాత్రమే) పెట్టేస్తే మ్యూచువల్ ఫ్రెండ్స్ తప్ప ఎవరూ కనబడరు. వాళ్ల మాట నెగ్గినట్టు ఉంటుంది, మీ చెల్లి ఫోటోలు సేఫ్‌గా ఉంటాయి.

మేనత్త_తణుకు
ఛీ తమ్ముడూ, ఏం సలహా ఇది! మొహం మీద తలుపేస్తే అది వేరు, రా అని పిలిచి కుర్చీ వేసి ఖాళీ గదిలో కూర్చోబెడతారా పెద్దవాళ్లని? నోటిఫికేషన్ వెళ్లదు అని ధైర్యం చెబుతున్నావు, ఎవరికి తెలియదు అనుకుంటున్నావు? తెలుస్తుంది, ఎలాగో ఒకలా తెలుస్తుంది. మా కోడలు బెంగుళూరులో ఉంటుంది, వాట్సాప్‌లో స్టేటస్ పెడుతుంది, మనవడి అన్నప్రాసన ఫోటోలు పెట్టింది, స్కూల్లో చేరిన ఫోటోలు పెట్టింది, ఒక్కటీ నాకు కనబడలేదు. కోడలు ఎప్పుడూ ఏమీ పెట్టదులే అనుకుంటూ వచ్చాను. ఒకరోజు పక్కింటావిడ వచ్చి మీ మనవడు యూనిఫాంలో ఎంత ముద్దుగా ఉన్నాడండీ అని తన ఫోన్ తీసి చూపించింది. పక్కింటావిడకి కనబడుతుంది, నాకు కనబడదు. ఆవిడ ముందు నేను చూశానులే అని అబద్ధం చెప్పాను. ఇలాంటివి నేర్పకండి ఆడపిల్లలకి.

బందరు_లడ్డు
అయ్యో అత్తయ్య గారూ.

సీను_సెట్టింగ్స్
స్టేటస్ కనబడాలంటే ఇద్దరి ఫోన్లలో ఇద్దరి నంబర్లూ సేవ్ అయి ఉండాలండీ. ఆవిడ ఫోన్ మార్చినప్పుడు మీ నంబర్ పోయి ఉండొచ్చు. అలా అయితే దాచినట్టు కాదు.

మేనత్త_తణుకు
నంబర్ ఉంది తమ్ముడూ. సంక్రాంతికి మెసేజ్ పెట్టింది. వారం వారం మాట్లాడుతుంది.

సీను_సెట్టింగ్స్
అయితే మై కాంటాక్ట్స్ ఎక్సెప్ట్‌లో, అంటే స్టేటస్ కనబడకూడనివాళ్ల లిస్టులో, మిమ్మల్ని పెట్టి ఉండాలి.

ఎర్రమందారం_వరంగల్
సీను అన్నా జర ఆగు. మేనత్త గారూ, ఇది జరగకముందు మీ ఇద్దరి నడుమ ఫోటోల గురించి ఏమన్న మాట వచ్చిందా? కోపానికి అడుగుతలేను, తెలుసుకుందామని.

మేనత్త_తణుకు
ఏం మాట రావాలమ్మా. స్లీవ్‌లెస్ వేసుకుని ఆఫీసు పార్టీలో ఫోటో పెట్టింది, మా చుట్టాలందరికీ కనబడుతుంది తీసెయ్ తల్లీ అని ఫోన్ చేసి చెప్పాను. మా అబ్బాయికి కూడా చెప్పాను. బాబుకి ఎండలో టోపీ లేదని ఒకసారి అన్నాను. ఇంటి పెద్దదాన్ని, చూశాక చెప్పకుండా ఎలా ఉంటాను? కడుపులో పెట్టుకుని నవ్వుతూ లైక్ కొట్టాలా?

ఎర్రమందారం_వరంగల్
గదే అండి, పొద్దున్నుంచి మనం కొట్లాడుతున్నది లాక్ గురించి కానేకాదు. మీరు చూస్తే ఊకె చూడరు, చూసినంక చెప్తరు, చెప్పినంక ఆమె మార్చుకోవాలె, మార్చుకోకుంటే కొడుకు దాకా పోతది. ఈ పెద్దక్క వాళ్ల చెల్లె భయపడేది కూడ చూసుడుకు కాదేమో, ఆ తర్వాత వచ్చే ఫోన్లకు.

మేనత్త_తణుకు
చెప్పే హక్కు కూడా లేకపోతే ఇంక అత్తగారు దేనికి, కోడలు దేనికి. కిరాణా కొట్టతని దగ్గర ఆరా తీసినా ఆ తర్వాత మంచీచెడూ మాట్లాడుకునేవాళ్లం. పెళ్లంటే ఇద్దరు కాదు, రెండు ఇళ్లు. మీరు ఒప్పుకోకపోయినా నేను ఇదే అంటాను.

ఎర్రమందారం_వరంగల్
రెండు ఇళ్లే, కాదంటలేను. కని అకౌంట్ ఒక్కరిది. నా ఫోటో ఉంచాల్నా తీయాల్నా నన్ను అడగాలె గని నాకు చెప్పొద్దు.

కాకినాడ_ఖాజా
మా అక్క వాళ్ల అత్తగారు అన్నీ చూస్తారు, అన్నిటికీ దండం సింబల్ పెడతారు. ఒక్క మాట అనరు. మా అక్క ఆవిడ కోసమే వంటల ఫోటోలు పెడుతుంది.

పెద్దక్క_గుంటూరు
అందరికీ థాంక్స్ అండీ. మధ్యవర్తిని గట్టిగా అడిగాను, అసలు సంగతి చెప్పారు. వాళ్లకి కావాల్సింది ఫోటోలు కాదట, ఫ్రెండ్స్ లిస్టులో మగవాళ్లు ఎంతమంది ఉన్నారో చూడాలట. ఇది విన్నాక నాన్న కూడా కాసేపు మాట్లాడలేదు. చెల్లి ఏమందంటే అబ్బాయి రిక్వెస్ట్ పంపితే యాక్సెప్ట్ చేస్తాను, అతనూ నన్ను యాడ్ చేసుకోవాలి, ఇద్దరం ఒకరివి ఒకరం చూసుకుంటాం, పిన్నిగారు అత్తగారు పెళ్లయ్యాక పరిచయం పెరిగితే అప్పుడు చూద్దాం అంది. రెస్ట్రిక్టెడ్ లిస్ట్ వద్దంది, అలా మోసం చేసి మొదలుపెట్టను అంది. నాన్న ఇదే మాట వాళ్లకి చెప్పించారు. ఇంకా కబురు రాలేదు.
సీను గారూ ఫ్రెండ్స్ లిస్ట్ ఓన్లీ మీ ఎక్కడ పెట్టాలి?

సీను_సెట్టింగ్స్
సెట్టింగ్స్‌లో మిమ్మల్ని జనం ఎలా వెతకొచ్చు, ఎలా కాంటాక్ట్ చేయొచ్చు అనే సెక్షన్ ఉంటుంది, అందులోనే. ఫోన్ నంబర్‌తో వెతికేదీ అక్కడే ఉంటుంది, దాన్ని కూడా ఓన్లీ మీ చేయమనండి. టైమ్‌లైన్ రివ్యూ (ప్రొఫైల్ రివ్యూ) ఆన్‌లో ఉందో లేదో చూసుకోమనండి, లేకపోతే ఫ్రెండ్ ఎవరైనా ట్యాగ్ చేసిన ఫోటో అడక్కుండానే తన ప్రొఫైల్ మీదికి వచ్చేస్తుంది. ఇన్‌స్టా ప్రైవేట్ చేసినా పాత ఫాలోవర్స్ అలాగే ఉంటారు, ఆ లిస్ట్ ఒకసారి చూసి తెలియనివాళ్లని తీసేయాలి, తీసేస్తే వాళ్లకి నోటిఫికేషన్ వెళ్లదు.

మేనత్త_తణుకు
మోసం చేయను అన్నందుకు మీ చెల్లిని మెచ్చుకుంటున్నాను అమ్మాయ్. అయినా నా మాట నాదే, ఆవిడకి ఒకసారి చూపిస్తే సరిపోయేది. రేపు వీసాకి పబ్లిక్ చేసినప్పుడు ఆవిడ ఎలాగూ చూస్తుంది, అప్పుడు ఏం చేస్తారు?

పెద్దక్క_గుంటూరు
అప్పుడు చూడనివ్వండి అత్తయ్య గారూ. అది తన వీసా కోసం తను తీసేది, ఎప్పుడు తీయాలో ఎప్పుడు మూయాలో తనే చూసుకుంటుంది.

బందరు_లడ్డు
కబురు వస్తే ఇక్కడ చెప్పండి.