స్లాబ్ కారే అద్దె ఇల్లు కొంటున్నా: రిపేరు ఓనరుతో చేయించాలా, రేటు తగ్గించుకోవాలా?

పర్లాకిమిడి పిల్లోడు: మా ఊళ్లో రెండు పోర్షన్ల డాబా బేరం 28 లక్షల దగ్గరుంది. పై పోర్షన్‌లో అద్దెవాళ్లున్నారు, వాళ్లు ఉండగానే కొంటున్నా. వాళ్ల హాల్లో స్లాబ్‌కి ఒక్క చోటే కొత్త సున్నం. కర్రతో తడితే డొల్ల శబ్దం. ఓనరేమో "రిజిస్ట్రేషన్ కానివ్వండి, మేస్త్రీని పంపిస్తా" అంటున్నాడు. లక్షన్నర తగ్గించమంటే ఒప్పుకోలేదు.

రాయగడ రావు: రిజిస్ట్రేషన్ అయ్యాక మేస్త్రీ రాడు, ఓనరు ఫోనెత్తడు.

బరంపురం బాబాయ్: రేటే తగ్గించుకో బాబూ. అమ్మేవాడు చేయించే రిపేరంటే చవక మేస్త్రీ, మీద ఇంకో కోటు సున్నం. కానీ ముందు ఆ డొల్ల చోట పెచ్చు కొట్టించి చూడు. లోపల ఊచ తుప్పు పట్టి ఉబ్బిందంటే కాంక్రీటును కిందికి తోసేస్తుంది. అప్పుడు పైన వాటర్‌ప్రూఫింగ్ ఒక్కటే వేస్తే లాభం లేదు, తుప్పు గీకి, ఊచలకి కోటింగ్ వేసి మళ్లీ పూడ్చాలి. అదేమీ చూడకుండా లక్షన్నర అని నోటికొచ్చిన అంకె చెబితే ఎవరు ఒప్పుకుంటారు? మేస్త్రీతో ఎస్టిమేట్ రాయించుకుని వెళ్లు.

విశాఖకొచ్చేశాం: బరంపురంలో మా నాన్న కట్టిన ఇల్లు అమ్మినవాణ్ని నేను. బయానా ఇచ్చేదాకా ఇల్లు బ్రహ్మాండం అంటారు, ఇచ్చాక మేస్త్రీని వెంటబెట్టుకొస్తారు. చూసుకుని కొనాల్సింది కొనేవాళ్లే.

బరంపురం బాబాయ్: సున్నం పూసి దాస్తే ఏం చూసుకుంటాడండీ? ఆస్తి బదిలీ చట్టం, 1882, సెక్షన్ 55. తనకి తెలిసిన ముఖ్యమైన లోపం అమ్మేవాడు చెప్పి తీరాలి.

విశాఖకొచ్చేశాం: సగమే చదివారు. కొనేవాడు మామూలు జాగ్రత్తతో కనిపెట్టలేని లోపమైతేనే. ఈయన కర్రతో తట్టి కనిపెట్టేశాడుగా! అయినా సున్నం వేయడం నేరమా? పండక్కి అందరూ వేస్తారు.

బరంపురం బాబాయ్: పండక్కి హాలంతా వదిలేసి చాపంత మేర వేస్తారా?

కొరాపుట్ కుర్రాడు: పొద్దున్నుంచీ సున్నమే. ఇల్లు సంగతి తేల్చండి బాబూ.

బరంపురం బాబాయ్: తేలుస్తా. మీరంతా విశాఖ వెళ్లిపోయారు. అద్దె మాత్రం నెలనెలా తీసుకున్నారు. పిట్టగోడలో మొలిచిన రావిమొక్క పీకించినవాడు లేడు. 2013లో ఫైలిన్ తుఫాను, 2018లో తిత్లీ తుఫాను వచ్చిపోయినా డాబా ఎక్కి చూసినవాడు లేడు. ఆ బాకీ అంతా ఇక్కడ మిగిలినవాడి నెత్తిన రుద్ది పోతారా?

విశాఖకొచ్చేశాం: అదా మీ కడుపుమంట! ఉద్యోగం కోసం పోయాం, షికారుకి కాదు. మా అద్దెవాడు నెలల తరబడి ఎగ్గొట్టాడు, నేనెవరికి చెప్పుకోను? రేపట్నుంచి అద్దె తినేది కొనేవాడు. రిపేరూ ఆయనదే.

పై వాటాలో ఉంటాం: ఇంత రభస జరిగింది, అద్దెవాళ్లని అడగమని ఒక్కరూ అనలేదు. బరంపురం మెడికల్ కాలేజీ దగ్గర నేనుండేది అలాంటి ఇంట్లోనే. ఏ వానకి ఎక్కడ బకెట్ పెట్టాలో మాకు తెలిసినట్టు ఓనరుకి కూడా తెలీదు. పాతాయన రేటు తగ్గించి అమ్మాడు, కొత్తాయన ఆ డబ్బు దాచుకున్నాడు. స్లాబ్ అలాగే ఉంది. మీ చట్టంలోనే 108 కూడా చదవండి. ఓనరు చేయించాల్సిన రిపేరు నోటీసిచ్చినా చేయించకపోతే, అద్దెవాడు చేయించుకుని ఆ ఖర్చు అద్దెలో విరగ్గోసుకోవచ్చు.

పర్లాకిమిడి పిల్లోడు: ఇప్పుడే పైవాళ్లని అడిగొచ్చా. తిత్లీ అప్పట్నుంచీ కారుతోందట. పోయిన వానల్లో ఓనరుకి వాట్సాప్‌లో ఫొటోలు పెట్టారు, నాకూ చూపించారు.

విశాఖకొచ్చేశాం: అయితే తెలిసే దాచాడు, ఒప్పుకుంటా. లక్షన్నర మాత్రం ఎక్కువే.

బరంపురం బాబాయ్: ఎక్కువో తక్కువో పెచ్చు కొట్టాక తెలుస్తుంది. తగ్గించిన రేటు అగ్రిమెంట్‌లో రాయించు. పైవాళ్ల అడ్వాన్సు ఆయన దగ్గరే ఉంటుంది, అదీ ధరలో మినహాయించుకో, రేపు వాళ్లు ఖాళీ చేస్తే ఇవ్వాల్సింది నువ్వే.

పై వాటాలో ఉంటాం: అన్నీ రాయిస్తున్నారు. స్లాబ్ ఏ నెలలో బాగుచేయిస్తారో అది కూడా పైవాళ్లకి రాసిస్తారా?

పర్లాకిమిడి పిల్లోడు: ముందు రిజిస్ట్రేషన్ కానివ్వండి.

రాయగడ రావు: ఈ మాట ఎక్కడో విన్నట్టుందే!