హలో అన్న మాట ఎక్కడ, ఎలా వాడాలి?

ప్రశ్న: ఉద్యోగరీత్యా ఈ మధ్యే అమెరికా వచ్చాను. దారిన పోయే అపరిచితులు కూడా హలో అంటున్నారు. ఆగి మాట్లాడాలా, తల ఊపి వెళ్ళిపోవచ్చా? ఒక్కోసారి అదే మాట విసుక్కుంటున్నట్టు కూడా వినిపిస్తోంది. తెలిసినవారు దయచేసి వివరించగలరు.

జవాబు: నమస్కారమండీ. మనలో చాలామందికి హలో అనగానే ఫోనే గుర్తుకొస్తుంది కనుక మీకు ఈ సందేహం రావడం సహజమే. ఆ మాట పలకరింపుగా స్థిరపడింది కూడా చాలావరకు ఫోను వల్లనే. 19వ శతాబ్దపు తొలి రోజుల్లో దానిని దూరాన ఉన్నవారిని కేకవేసి పిలవడానికో, ఆశ్చర్యం తెలపడానికో వాడేవారు. టెలిఫోన్‌లో పలకరించడానికి నావికులు వాడే ‘అహోయ్’ బాగుంటుందని గ్రాహంబెల్ భావించారు. ఎడిసన్ మాత్రం, హలో అంటే 10 నుంచి 20 అడుగుల దూరం వినబడుతుంది కాబట్టి వేరే గంట అక్కరలేదని 1877 ఆగస్టులో పిట్స్‌బర్గ్‌లోని ఒక టెలిగ్రాఫ్ సంస్థ అధ్యక్షుడికి లేఖ రాశారు. చివరికి ఎడిసన్ మాటే నిలిచింది.

పాత అర్థాలు మాత్రం పూర్తిగా పోలేదు. కౌంటరు దగ్గర ఎవరూ కనిపించనప్పుడు చివర స్వరం పెంచి హలో అంటే, లోపల ఎవరైనా ఉన్నారా అని. చివరి అక్షరాన్ని సాగదీసి అంటే, ఇంత చిన్న విషయం తట్టలేదా అని దెప్పడం. మీరు విన్న విసుగు బహుశా ఇదే. దయచేసి దీనిని మీరు మాత్రం వాడకండి. చనువున్న స్నేహితుల మధ్య చెల్లుతుందేమో గాని, పై అధికారి దగ్గర అమర్యాద అవుతుంది.

దారిలో ఎదురైనవారు హలో అంటే, ముఖం చూసి, చిరునవ్వుతో మీరూ హలో అని నడిచిపోతే చాలు. బదులివ్వకపోతేనే ముభావంగా కనిపిస్తారు. వెంటనే ‘హౌ ఆర్ యూ’ అన్నా అది చాలాసార్లు పలకరింపులో భాగమే కనుక, ‘గుడ్, థాంక్స్, అండ్ యూ’ అంటే సరిపోతుంది. అయితే అవతలివారి పాదాలను గమనించండి. ఆఫీసు వరండాలో నడక ఆపకుండా అన్నారంటే అది ఉత్త పలకరింపు. ఆగి మీ వైపు తిరిగారంటే రెండు మాటలు మాట్లాడాలనుకుంటున్నారన్నమాట. అదే రోజు అదే మనిషి మళ్ళీ ఎదురైతే తల ఊపితే చాలండి.

మరొక జవాబు: పై సమాధానానికి కొంచెం చేర్పు. ఉత్తరాల్లో, ఈమెయిళ్ళలో పరిచయం లేనివారికి, దరఖాస్తులకు ‘డియర్’ అని ఇంటిపేరుతో మొదలుపెట్టడం క్షేమం. కొంత పరిచయం కలిగాక ‘హలో’, రోజూ కలిసి పనిచేసేవారికి ‘హాయ్’ సరిపోతాయి. ఎవరైనా ‘సే హలో టు యువర్ మదర్’ అంటే, మనం మీ అమ్మగారిని అడిగానని చెప్పండి అనే మాటే అది. రాత్రి ఎంత పొద్దుపోయి వెళ్ళినా పలకరింపుగా ‘గుడ్ ఈవినింగ్’ అనే అనాలి, ఎందుకంటే ‘గుడ్ నైట్’ సెలవు తీసుకునేటప్పుడు చెప్పేది.