నోటరీ కావడానికి పదేళ్ల ప్రాక్టీస్ నిజంగా అవసరమా?

గుంటూరు జూనియర్:
నేను బార్ కౌన్సిల్‌లో ఎన్‌రోల్ అయి ఐదేళ్లయింది. సీనియర్ ఆఫీసులో రోజూ అఫిడవిట్లు రాసేది నేనే, వాటిని కోర్టు గేటు దగ్గర నోటరీ గారి టేబుల్ మీద పెట్టేదీ నేనే. నేను నోటరీ కావాలంటే మాత్రం ఇంకో ఐదేళ్లు ఆగాలి. 1956 నోటరీ రూల్స్ ప్రకారం కనీసం పదేళ్ల ప్రాక్టీస్ ఉండాలి. మహిళలకు, ఎస్సీ, ఎస్టీ, ఓబీసీలకు ఏడేళ్లు. అప్పుడైనా వస్తుందన్న గ్యారంటీ లేదు. రాష్ట్రానికో కేంద్రానికో దరఖాస్తు పెట్టుకోవాలి, రాష్ట్రానికి ఇంతమందే అని షెడ్యూల్‌లో పరిమితి ఉంది. వచ్చిన సర్టిఫికెట్ ఐదేళ్లకే, ఆ తర్వాత రెన్యూవల్.

మనిషి ఎవరో చూసి, మన ముందే సంతకం పెట్టించి, రిజిస్టర్‌లో రాసుకోవడానికి పదేళ్లు ఎందుకు? ఐదేళ్ల ప్రాక్టీస్, ఒక పరీక్ష పెడితే చాలంటాను.

పాత ప్లీడరు:
తమ్ముడూ, 1952 నోటరీల చట్టంలో 8వ సెక్షన్ ఒకసారి చదువు. ప్రమాణం చేయించడం, అనువాదం సరిచూడటం, డబ్బు రాని ప్రామిసరీ నోటు మీద ప్రొటెస్ట్, అంటే డబ్బు చెల్లించలేదన్న ధ్రువీకరణ, రాయడం, అన్నీ నోటరీ పనులే. నోటరీ ధ్రువీకరించిన పవర్ ఆఫ్ అటార్నీని (మన తరఫున పని చేసే అధికారం ఇంకొకరికి ఇచ్చే కాగితాన్ని) కోర్టు ముందుగా నమ్ముతుంది. అబద్ధమని చూపించాల్సింది కాదన్నవాళ్లే.

ఒకసారి ఒక కొడుకు ముసలి తల్లిని జీపీఏ (జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ) మీద సంతకానికి తీసుకొచ్చాడు. అతన్ని బయట కూర్చోబెట్టి, "ఇదేం కాగితమమ్మా?" అని అడిగాను. "పెన్షన్ కాగితం బాబూ" అంది. నేను సీలు వేయలేదు. ఆ అనుమానం రావాలంటే కోర్టులో చాలా చూసి ఉండాలి.

ఆస్టిన్ అక్క:
నేను టెక్సస్‌లో నోటరీని. లాయర్ని కాదు, అకౌంట్స్ ఉద్యోగం. ఇక్కడ 18 ఏళ్లు నిండి, రాష్ట్రంలో నివాసముండి, పెద్ద నేరాల్లో శిక్ష పడకుండా ఉంటే అర్హులే. పది వేల డాలర్ల బాండ్ చూపించాలి. నాలుగేళ్ల కమిషన్ ఇస్తారు. బాండ్ అంటే అంత డబ్బూ మన చేతి నుంచి కట్టడం కాదు, కొద్దిపాటి ప్రీమియం. నా తప్పు వల్ల ఎవరైనా నష్టపోతే ష్యూరిటీ కంపెనీ వాళ్లకు ఇచ్చి, నా దగ్గర వసూలు చేసుకుంటుంది.

కానీ నా పని మీ పనంత పెద్దది కాదు. నేను న్యాయ సలహా ఇవ్వకూడదు. ఇండియాకు పంపే జీపీఏకి నా సీలు మీద మళ్లీ అపోస్టిలో (వేరే దేశంలో చెల్లేలా ప్రభుత్వం ఇచ్చే ధ్రువీకరణ) కాన్సులేట్ అటెస్టేషనో చేయిస్తారు, అక్కడ అందిన మూడు నెలల్లో స్టాంప్ డ్యూటీ కడతారు. కాబట్టి ఏళ్లు తగ్గించమని నేననను. బాండ్ పద్ధతి మాత్రం అక్కడా ఉండాలి.

ఎనభై గజాలు:
మీరంతా ఏళ్లు లెక్కపెడుతున్నారు. మా నాన్న హైదరాబాద్ శివార్లో 80 గజాలు నోటరీ కాగితం మీద కొన్నాడు. సీలు వేసినాయనకు ఇరవై ఏళ్ల అనుభవం. అమ్మినవాడు ఆయన ముందుకు రానేలేదు, ముందే సీలు వేసి ఉంచిన కాగితం మీద బ్రోకరే రాసిచ్చాడు. అదే జాగాను ఇంకొకరికీ అమ్మారు.

వంద రూపాయలు, ఆపైన విలువున్న స్థిరాస్తి అమ్మకం రిజిస్టర్ కావాల్సిందేనని, నోటరీ సీలుతో హక్కు రాదని ఎవరైనా ఒక్క మాట చెప్పి ఉంటే నాన్న ఆగేవాడు. నోటరీ కాగితాల మీద కొన్న ఇళ్ల జాగాల క్రమబద్ధీకరణకు 2023లో తెలంగాణ ప్రభుత్వం జీవో 84 తేవాల్సి వచ్చిందంటే, మాలాంటి వాళ్లు ఎంతమంది ఉన్నారో ఆలోచించండి.

పాత ప్లీడరు:
మీ నాన్నగారికి జరిగింది చదివి చాలా బాధేసింది. పెళ్లి కాగితాలు, విడాకుల కాగితాలు చేయొద్దని 2024 అక్టోబరులో కేంద్ర న్యాయ శాఖ నోటరీలను హెచ్చరించాల్సి వచ్చింది. వాళ్లంతా ఏళ్ల తరబడి ప్రాక్టీస్ చేసినవాళ్లే కదా. అనుభవం ఒక్కటే సరిపోదని ఒప్పుకుంటున్నాను. ఒక నోటరీ మొత్తం 15 ఏళ్లకు మించి ఉండకూడదని, కొత్తవాళ్లకు చోటు దొరకాలని 2021లో ముసాయిదా బిల్లు వచ్చినప్పుడు నాకు కోపం వచ్చింది. ఇప్పుడు రాదు. పదేళ్ల నిబంధనను మాత్రం వదలను.

గుంటూరు జూనియర్:
సార్, నేనూ ఐదేళ్ల మాట వదలను. కానీ అసలు లోటు ఎక్కడో ఎనభై గజాల అన్న చూపించాడు. జిల్లా జడ్జి ఏడాదికి రెండుసార్ల దాకా నోటరీ రిజిస్టర్ తనిఖీ చేయొచ్చని రూల్స్‌లో ఇప్పటికే ఉంది. ఆ తనిఖీని తప్పనిసరి చేయాలి.

అన్నా, మీ కాగితం మీద సీరియల్ నంబరు, తేదీ ఉన్నాయేమో చూడండి. రిజిస్టర్‌లో ఆ ఎంట్రీకి ఎదురుగా అమ్మినవాడి సంతకమో వేలిముద్రో ఉండాలి. లేకపోతే ప్రభుత్వానికి ఫిర్యాదు చేయొచ్చు, విచారణలో తప్పు తేలితే ఆ నోటరీ పేరు జాబితా నుంచి తీసేయొచ్చు. జాగా సంగతి వేరు, దానికి సివిల్ కోర్టుకే వెళ్లాలి. పేర్లు కనిపించకుండా కాగితం ఫొటో పెట్టండి. ఫిర్యాదు నేను రాసిస్తాను, ఫీజు వద్దు.