సువార్త సభలకా, ఐదేళ్ల పథకానికా: పల్లె సంఘం డబ్బు ముందు దేనికి?

కార్యదర్శి:
అందరికీ వందనాలు. 90 కుటుంబాలు, ఒక్కరే పాస్టరు గారు, చుట్టూ ఆరు పల్లెలు ఉన్న సంఘం ఒకటి అనుకోండి. ఏటా ఫిబ్రవరిలో మూడు రాత్రులు సువార్త సభలు. షామియానా, మైకు, భోజనాలు, ప్రసంగీకుల దారి ఖర్చులు అన్నీ కలిపి లక్షన్నర. ఆ డబ్బును ఐదేళ్ల పథకంగా నాయకుల తర్ఫీదుకు, గృహ కూడికలకు (ఇళ్లలో జరిగే చిన్న ప్రార్థన గుంపులకు) మళ్లిద్దామని కమిటీలో కొందరి మాట. సభలు మానేస్తే సువార్తే ఆగిపోతుందని మిగతావాళ్లు. మీరేమంటారు?

గుండ్లకమ్మ తీరం:
సభలు ఆపకూడదు బ్రదర్. 1878 జూలై 3న ఒంగోలు ప్రాంతంలోని వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ ఏటిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. దానికి ఎవరు పథకం వేశారు? నాటినా, నీళ్లు పోసినా వృద్ధి దేవుడిదేనని పౌలు రాశాడు కదా.

ఉపదేశి:
అన్నా, ఆ సంఖ్య నిజమే. దాని ముందున్న పన్నెండేళ్లు వదిలేశారు. ఆ పని నడిపిన అమెరికా మిషనరీ జాన్ క్లౌ దొరగారు ఒంగోలు వచ్చింది 1866లో. ఆ ఏడే యర్రగుంట్ల పేరయ్య బాప్తిస్మం పొంది తనవాళ్లున్న ఊళ్లన్నీ తిరిగాడు. ప్రసంగీకులకు నేర్పే బడి రామాయపట్నంలో 1878 నాటికే నడుస్తోంది. కరువులో బకింగ్‌హాం కాలువ మూడున్నర మైళ్లు తవ్వే కాంట్రాక్టు తీసుకుని జనానికి కూలి ఇప్పించారు. తిండి కోసం చేరారన్న మాట రాకూడదని ఏడాదికి పైగా బాప్తిస్మాలు ఆపి ఉంచారు. ఇంత ముందుచూపు ఉన్నచోట పథకం లేదనడం వాళ్ల కష్టాన్ని తక్కువ చేసినట్టు.

రిజిస్టరు:
సభల్లో లోపం ప్రసంగంలో లేదు, నాలుగో రోజున ఉంది. నమ్ముతామని చేతులెత్తినవాళ్ల పేర్లు చీటీల మీద రాసుకుంటారు. ఆరు పల్లెల్లో నలభై ఇళ్లు ఒక్క పాస్టరు గారు వారంలో ఎలా తిరుగుతారు? నెల దాటాక వెళితే ఆ ఇంటివాళ్లు గుర్తుపట్టరు కూడా.

అందుకే వరస ముఖ్యం. మొదటి ఏడు తర్ఫీదు ఒక్కటే. తొమ్మిది కుటుంబాలకు ఒకరు చొప్పున పదిమంది కావాలి. పెళ్లిళ్లని, ఉద్యోగాలని ఒకరిద్దరు ఊరు విడుస్తారు కాబట్టి పన్నెండు మందికి నేర్పాలి. పదేసిమందికి ఒకరిని పెట్టమని బైబిల్లో యిత్రో తన అల్లుడు మోషేకు చెప్పలేదా? నెలకు రెండు శనివారాలు, రెండేసి గంటలు, పది నెలలు: వాక్యం చదివి నాలుగు ముక్కల్లో చెప్పడం, ఇంటి దర్శనం, రోగి దగ్గర ప్రార్థన, ఆ రోగిని వెంటనే ఆసుపత్రికి పంపడం. రెండో ఏడు గృహ కూడికలు. మూడో ఏడు రెండు పల్లెలే పట్టుకుని ఒక్కో రాత్రి సభ పెట్టండి. ఏ వీధికి ఏ ఇద్దరు వెళ్లాలో సభకు ముందే రాసి ఉండాలి. మూడు రోజుల్లో మొదటి దర్శనం, ఆపైన పన్నెండు వారాల బాప్తిస్మ తరగతి.

రిజిస్టరులో నాలుగు గడులు చాలు: సంఘంలోనే పుట్టి పెరిగినవారు, వేరే సంఘం నుంచి వచ్చినవారు, కొత్తగా నమ్మినవారు, మానేసినవారు. రెండో గడి ఒక్కటే నిండుతుంటే పక్కవాళ్ల మందను తోలుకొస్తున్నట్టే. దాన్ని ఎదుగుదలగా లెక్క కట్టొద్దు.

గుండ్లకమ్మ తీరం:
యిత్రో మాట కాదనలేను. కానీ గృహ కూడికల వల్ల చీలిన సంఘాలు లేవా? పది కుటుంబాలు ఒక మనిషి చుట్టూ చేరతాయి, కానుకా అక్కడే పడుతుంది, రెండేళ్లు తిరిగేసరికి వేరే బోర్డు లేస్తుంది.

రిజిస్టరు:
ఆ భయం సరైనదే అన్నా. కూడికలో కానుక పట్టకూడదు. ప్రభు బల్ల (రొట్టె, ద్రాక్షరసం పంచుకునే ఆరాధన) గుడిలోనే. రెండేళ్లకు నాయకులు గుంపులు మారాలి. మాలపల్లెకొక గుంపు, మాదిగపల్లెకొక గుంపు అని కట్టారంటే మాత్రం చీలికను మనమే మొదలుపెట్టినట్టు.

స్త్రీల మైత్రి:
ఫిబ్రవరి ఎందుకని ఒక్కరూ అడగలేదే! అది మిరప కోతల కాలం. ఆడవాళ్లు తెల్లారకముందే ఆటో ఎక్కి చీకటిపడ్డాక ఇల్లు చేరతారు, వలస వెళ్లిన ఇళ్లకు తాళాలు. పంటల లెక్క చూసి పథకం రాయండి. నాట్ల రోజుల్లో కూడిక రాత్రి ఎనిమిది తర్వాత, 40 నిమిషాలు మించకుండా. పిల్లలకు మే నెలలో వి.బి.ఎస్. (సెలవుల బైబిలు బడి). కోత పండుగకు కొత్త కుటుంబాలను భోజనానికి పిలవండి. ఆ పన్నెండు మందిలో ఆరుగురైనా ఆడవాళ్లు ఉండాలి, పగటిపూట వంటింటి దాకా వెళ్లగలిగేది వాళ్లే. చదువు రానివాళ్లను పక్కన పెట్టొద్దు. పాటతో, కోలాటంతో వాక్యం నోటికి వస్తుంది.

కార్యదర్శి:
మరి లక్షన్నర ఎలా పంచాలి? పాస్టరు గారు బదిలీ అయితే?

రిజిస్టరు:
మూడో ఏటి లెక్క చెబుతాను. సగం రోజులు పనిచేసే ఉపదేశకుడికి నెలకు 5 వేలు, ఏడాదికి 60 వేలు. పుస్తకాలు, నాయకుల దారి ఖర్చు 50 వేలు. రెండు ఒకరాత్రి సభలు 30 వేలు. వి.బి.ఎస్.కు 10 వేలు. పథకమంతా కమిటీ మినిట్స్ పుస్తకంలో ఎక్కించి సంతకాలు చేయించండి. కొత్త అయ్యగారు వచ్చాక జరిగే మొదటి కమిటీలోనే చదివి వినిపించాలి. మూడు నెలలకోసారి ఆ నాలుగు గడులు సంఘం ముందు చదవండి, మానేసినవారి గడితో మొదలుపెట్టి.