టిప్పరరీలో పాడుబడ్డ ఇల్లు: ఏజెంట్ చెప్పిన 70,000 యూరోల గ్రాంటు నిజంగా చేతికొస్తుందా?

లిమరిక్ కాపురం:
అందరికీ నమస్కారం. ఆరేళ్లుగా ఐర్లండ్‌లోని లిమరిక్‌లో అద్దెకుంటున్నాం. ఇద్దరం ఉద్యోగాలు చేస్తున్నాం, ఒక బాబు. ఇక్కడ ఇల్లు కొనడం మా వల్ల అయ్యేలా లేదు. మొన్న టిప్పరరీ టౌన్‌లో 95,000 యూరోలకి ఒక పాత ఇల్లు కనబడింది. వరుస ఇళ్లలో చివరిది. పైకప్పు పలకలు సగం జారిపోయాయి, వెనక గదిలో చెట్టు మొలిచింది. ముసలావిడ పోయాక నాలుగేళ్లుగా తాళం వేసి ఉందట.

ఏజెంట్ ఏమన్నాడంటే, "ఇది డెరిలిక్ట్ ఇల్లు, గవర్నమెంటు 70,000 ఇస్తుంది, అంటే మీకు 25,000కే పడ్డట్టు". మా ఆయన ఆ లెక్క విన్నప్పటి నుంచి వంటగది రంగులు చూస్తున్నారు. నాకు మాత్రం టెన్షన్‌గా ఉంది. ఇల్లు కొనకముందే అప్లై చేయొచ్చా? డబ్బు ఎప్పుడిస్తారు? ఆరేడేళ్లకి ఇండియా వెళ్లిపోవాల్సి వస్తే ఏమిటి పరిస్థితి? చేసినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి, ప్లీజ్.

పాతపెంకుటిల్లు:
అమ్మా, ముందు మీవారిని ఆ రంగుల పుస్తకం మూసెయ్యమనండి. మేం లాంగ్‌ఫర్డ్ కౌంటీలో ఇలాంటిదే చేశాం కాబట్టి చెబుతున్నా.

ఏజెంట్ లెక్క తప్పు. గ్రాంటు ఇల్లు కొనడానికి కాదు, బాగు చేయడానికి. 95,000 మీరు కట్టాల్సిందే. ఆ పైన రిపేర్లకి ఎంతవుతుందో అందులో గరిష్ఠంగా 70,000 వరకు వెనక్కి ఇస్తారు. రిపేర్లకి 40,000 మాత్రమే అయితే గ్రాంటూ అంతకు మించదు. పైగా ఆ అంకెలు వ్యాట్‌తో కలిపి.

స్కీము పేరు వేకెంట్ ప్రాపర్టీ రీఫర్బిష్‌మెంట్ గ్రాంట్. క్రీ కోనిహ అనే ప్రభుత్వ నిధి కింద 2022లో మొదలైంది. (ఐరిష్ స్పెల్లింగు చూసి మావారు ఏడాదంతా "క్రోయి కొనైతే" అనే పిలిచారు. "కొంటే గానీ రాదేమో" అని జోకు కూడా.) 2023 మే 1 నుంచి మొత్తం పెంచారు. ఊరికే ఖాళీగా ఉన్న ఇంటికి 50,000 వరకు, డెరిలిక్ట్ అయితే ఇంకో 20,000 కలిపి 70,000 వరకు. ఇల్లు 2007లో గానీ అంతకుముందు గానీ కట్టినదై ఉండాలి. అప్లై చేసే నాటికి కనీసం రెండేళ్లు ఖాళీగా ఉండాలి. మీది నాలుగేళ్లు అంటున్నారు కాబట్టి అది ఇబ్బంది లేదు. కానీ "ఉందట" సరిపోదు, కాగితం కావాలి.

కొనకముందే అప్లై చేయొచ్చు. అమ్మేవాళ్లతో బేరం నిజంగా నడుస్తోందని ఏజెంట్ నుంచో యజమాని నుంచో ఉత్తరం పెట్టాలి. దాని మీద సూత్రప్రాయంగా ఒప్పుకుంటారు. ఇల్లు మీ పేరున మారిన కాగితం చూపించాకే పూర్తి ఆమోదం.

లిమరిక్ కాపురం:
చాలా థాంక్స్ అక్కా. ఖాళీగా ఉందని కాగితం ఎక్కడి నుంచి తేవాలి? ఇల్లు మాది కాదు కదా, ఎవరిని అడగను?

పాతపెంకుటిల్లు:
కరెంటు బిల్లులే మొదటి సాక్ష్యం. రెండేళ్లపాటు యూనిట్లు కదల్లేదని చూపే బిల్లులో, లేదా ఫలానా తేదీ నుంచి కనెక్షన్ తీసేశామని ఉత్తరమో. ఇంటి మీటరుకి ఎంపీఆర్ఎన్ అని ఒక నంబరు ఉంటుంది, అది ముందు సంపాదించండి. అకౌంటు అమ్మేవాళ్ల పేరున ఉంటుంది కాబట్టి వాళ్లే అడగాలి. ఇల్లు వారసులదైతే వాళ్ల సొలిసిటర్‌కి మీ సొలిసిటర్ చేత మెయిల్ పెట్టించండి. ఏజెంట్‌ని నమ్ముకుంటే "అడుగుతా, అడుగుతా" అంటూ రెండు నెలలు గడిపేస్తాడు. మాకు అలాగే అయింది.

ఒక్క మాట గట్టిగా చెబుతున్నా. ఈ గ్రాంటు ఇచ్చే కౌంటీ కౌన్సిల్ మనిషి వచ్చి చూసి, ఆమోదం ఉత్తరం చేతికొచ్చేదాకా ఆ ఇంట్లో సుత్తి ఎత్తొద్దు. తాళం చేతికి రాగానే ఆగలేక మేం ఒక శనివారం ఇద్దరు స్నేహితుల్ని పిలిచి ముందుగదిలో కుళ్లిన చెక్క నేలంతా పీకేశాం. బిర్యానీ కూడా పెట్టాం. తర్వాత చూడటానికొచ్చినాయన మర్యాదగానే అన్నాడు, ముందే చేసిన పని లెక్కలోకి రాదని. ఆ గది నేల మొత్తం మా జేబులోంచే పోయింది. చాలా ఖరీదైన బిర్యానీ అది.

కార్క్ బాబాయ్:
నేను కట్టడాల లైన్‌లోనే ఉన్నా కాబట్టి "డెరిలిక్ట్" అనే మాట గురించి చెబుతా. చూడగానే పాడుబడ్డట్టుంటే చాలదమ్మా. ఇల్లు కౌన్సిల్ వాళ్ల డెరిలిక్ట్ సైట్ల రిజిస్టర్‌లో ఉండాలి. లేదంటే అర్హత ఉన్న ఇంజినీరో ఆర్కిటెక్టో సర్వేయరో వచ్చి చూసి, ఇది నిర్మాణపరంగా నిలబడే స్థితిలో లేదు, ప్రమాదకరం అని రిపోర్టు రాయాలి. పెయింట్ ఊడటం, తడి వాసన, పాత బాత్‌రూమ్ వీటిలోకి రావు. పైకప్పు దూలాలు కుళ్లాయా, గోడ బయటికి వంగిందా, ఇవీ చూసేవి. వెనక గదిలో చెట్టు మొలిచిందన్నారు కాబట్టి ఆశ ఉంది. అయినా నా మాట వింటే మీ లెక్క 50,000 మీదే వేసుకోండి. మిగతా 20,000 వస్తే పండగ.

ఇంకోటి. కొనేముందు చేయించే సర్వే, ఈ రిపోర్టు రెండూ ఒకే మనిషి చేత చేయించండి, ఖర్చు కొంత కలిసొస్తుంది. ఇది చదువుతున్న మిగతావాళ్లకి: డోనెగాల్, మేయో, క్లేర్, లిమరిక్, స్లైగో కౌంటీల్లో సిమెంటు దిమ్మెలతో కట్టిన ఇళ్లు చూస్తుంటే, దిమ్మెల్లో మైకా లాంటి లోపం ఉందేమో అడగకుండా అడ్వాన్సు ఇవ్వొద్దు. అలాంటి గోడలు బిస్కెట్‌లా పొడైపోతాయి. అది ఈ గ్రాంటుతో తీరే సమస్య కాదు. పాత రాతి ఇంటికి ఆ భయం లేదు.

డబ్లిన్ దిగులు:
మధ్యలో దూరుతున్నా, సారీ. ఉండటానికే ఇస్తారా, అద్దెకివ్వడానికి కూడానా?

కార్క్ బాబాయ్:
2023 మే నుంచి అద్దె ఇంటికి కూడా ఇస్తున్నారు. ఒక మనిషికి మొత్తం మీద రెండే, ఉండే ఇంటికి ఒకటి, అద్దెకిచ్చే ఇంటికి ఒకటి. అద్దెకిస్తే ఆర్‌టీబీలో, అంటే అద్దె ఇళ్ల బోర్డులో, రిజిస్టర్ చేయాలి. కొని, బాగుచేసి, లాభానికి అమ్మేద్దామనుకునేవాళ్ల కోసం మాత్రం కాదిది.

పాతపెంకుటిల్లు:
ఇప్పుడు అసలు విషయం, డబ్బు ఎప్పుడొస్తుందని అడిగారు కదా. చివర్లో. పని అంతా అయ్యాక కౌన్సిల్ వాళ్లు మళ్లీ వచ్చి చూసి, బిల్లులు సరిచూసి, ఇంటి మీద వాళ్ల పేర చార్జ్ (తనఖా లాంటి హక్కు) రాయించుకుని, అప్పుడిస్తారు. మాకు ఆ చివరి నెలల్లో నిద్ర పట్టలేదు.

మీ లెక్కే వేసి చూద్దాం. ఇల్లు 95,000. స్టాంపు డ్యూటీ ఒక శాతం, అంటే 950. సొలిసిటర్, సర్వే, ఇన్సూరెన్సు వేరే. (ఖాళీ ఇంటికి ఇన్సూరెన్సు దొరకడమే ఒక యజ్ఞం, దానికి ఇంకో చర్చ పెట్టాలి.) పైకప్పు, కరెంటు, ప్లంబింగు, కిటికీలు, తడి సంగతి, అన్నీ కలిపి బిల్డర్ 1,20,000 చెప్పాడనుకోండి. ఆ 1,20,000 మొత్తం మీరు బిల్డర్‌కి కట్టేశాక, మీకు 50,000 గానీ 70,000 గానీ వస్తుంది. ఈ మధ్యకాలంలో ఆ సొమ్ము ఎక్కడి నుంచి తెస్తారన్నదే ప్రశ్న. గ్రాంటు వస్తుందా రాదా అన్నది దాని తర్వాతి సంగతి. ఇది తేలకుండా బుకింగ్ డిపాజిట్ కట్టొద్దు.

వంటగది, బాత్‌రూమ్ పనిచేయని ఇంటికి మామూలు మార్ట్‌గేజ్ ఇవ్వడానికి బ్యాంకులు వెనకాడతాయి. ఇచ్చినా రిపేర్ల డబ్బు విడతలవారీగా వదులుతాయి. కొందరు క్రెడిట్ యూనియన్‌లో (సభ్యుల సహకార పరపతి సంఘం) అప్పు తీసుకుని గ్రాంటు రాగానే తీర్చేశారు. 2024లో ప్రభుత్వం లోకల్ అథారిటీ పర్చేజ్ అండ్ రెనవేషన్ లోన్ అని తెచ్చింది. ఈ గ్రాంటుకి అర్హత ఉన్న ఇల్లు కొనడానికి, బాగు చేయడానికి రెండిటికీ కలిపి కౌన్సిలే అప్పిస్తుంది. ఆదాయ పరిమితులు, వీసా షరతులు ఉంటాయి కాబట్టి మీ పరిస్థితి చెప్పి అడగండి. మరో భ్రమ కూడా తీసేస్తా. మొదటిసారి ఇల్లు కొనేవాళ్లకి ప్రభుత్వం ఇచ్చే హెల్ప్ టు బై దీనికి రాదు, అది కొత్త ఇళ్లకి.

కార్క్ బాబాయ్:
ఎస్‌ఈఏఐ (ప్రభుత్వ ఇంధన సంస్థ) వాళ్ల ఇన్సులేషన్, హీట్ పంప్ గ్రాంట్లు మాత్రం దీంతో పాటు తీసుకోవచ్చు. ఒకే పనికి రెండు చోట్లా బిల్లు పెట్టకూడదు, అంతే. అక్కడా ఆమోదం వచ్చాకే పని మొదలుపెట్టాలి. అందుకే ఏ పని ఏ గ్రాంటు కిందకి వస్తుందో కొటేషన్‌లోనే విడగొట్టి రాయించండి. బిల్డర్లు "మొత్తం పని ఇంత" అని ఒకే లైన్ రాసిస్తారు. అది కౌన్సిల్‌కి పనికిరాదు. పైకప్పు ఎంత, కిటికీలు ఎంత, కరెంటు ఎంత అని వేర్వేరుగా ఉండాలి. ఒక్కో రకం పనికి వాళ్ల దగ్గర పరిమితి ఉంటుంది, దాన్ని మించింది మీ జేబు.

వెనక చిన్న గది పెంచుదామనుకుంటే, ప్లానింగ్ పర్మిషన్ అక్కర్లేనంత చిన్నదైతే మొత్తం పనిలో భాగంగా చూస్తారు.

పాతపెంకుటిల్లు:
బిల్డర్ టాక్స్ క్లియరెన్సు కూడా చూసుకోండి. మా బిల్డర్ది మధ్యలో గడువు అయిపోయింది, అతనికే తెలీదు. దాని కోసం చెల్లింపు ఆగింది. మీ టాక్సులు, ఆ ఇంటి లోకల్ ప్రాపర్టీ టాక్సు కూడా బాకీ ఉండకూడదు. పాత యజమాని బాకీలు కొనేరోజే తేల్చమని సొలిసిటర్‌కి చెప్పండి. నగదుకి తక్కువలో చేస్తానని వచ్చే మేస్త్రీలు ఉంటారు, బిల్లు లేని పైసాకి గ్రాంటు లేదు.

మాకు ఆమోదం ఇచ్చినప్పుడు 13 నెలల్లో పూర్తి చేయమన్నారు. ఎక్కువే అనిపించింది. బిల్డర్ దొరికేసరికే ఐదు నెలలు పోయాయి.

లిమరిక్ కాపురం:
బాబోయ్. ఇంతకీ ఇండియా వెళ్లిపోతే?

కార్క్ బాబాయ్:
ఐదేళ్లలోపు అమ్మితే మొత్తం వెనక్కి కట్టాలి. ఐదు దాటి పదేళ్లలోపు అయితే 75 శాతం. పదేళ్లు దాటితే ఏమీ లేదు. మీరన్న ఆరేడేళ్లకి అమ్మితే, 50,000 తీసుకున్నవాళ్లు 37,500 కట్టాలి, 70,000 అయితే 52,500. ఇంటి మీద చార్జ్ ఉంటుంది కాబట్టి చెప్పకుండా అమ్మడం కుదరదు. అమ్మకుండా తాళం వేసి వెళ్లినా షరతు తప్పినట్టే, ఉండాలి లేదా అద్దెకివ్వాలి. పైగా ఇల్లు ఏడాదిలో 30 రోజులు కూడా వాడకపోతే వేకెంట్ హోమ్స్ టాక్స్ పడుతుంది. అది 2024 నవంబరు నుంచి లోకల్ ప్రాపర్టీ టాక్సుకి ఏడు రెట్లు. ఉండటం మానేసి అద్దెకిచ్చి వెళ్లాలనుకుంటే ముందే కౌన్సిల్‌కి రాసి, వాళ్ల జవాబు కాగితం మీద తీసుకోండి.

నన్నడిగితే, పదేళ్లు ఉంటామన్న నమ్మకం లేనివాళ్లు ఈ గ్రాంటుని వడ్డీలేని అప్పుగానే లెక్కేసుకోవాలి.

గోదారి గట్టు:
ఇదంతా చదువుతుంటే నవ్వొచ్చింది. మా ఊళ్లో తాతగారి మండువా లోగిలి పన్నెండేళ్లుగా తాళం వేసి ఉంది. అన్నదమ్ముల వాటాలు తేలక పెంకులు ఒక్కొక్కటే రాలుతున్నాయి. నేనేమో ఇక్కడ కూర్చుని ఎవరి అమ్మమ్మ ఇంటికో పెంకులు ఎలా వేయించాలా అని చదువుతున్నా. 2022 జనగణనలో ఈ చిన్న దేశంలోనే హాలిడే ఇళ్లు కాకుండా 1,66,752 ఇళ్లు ఖాళీగా తేలాయట. చాలావాటి వెనక కథ మా లోగిలి లాంటిదే అయ్యుంటుంది. అన్నట్టు, ఇక్కడా వాటాల గొడవ ఉంటుంది. ముసలావిడ పోయాక ప్రొబేట్, అంటే వీలునామాకి కోర్టు ఆమోదం, అయిందో లేదో కనుక్కున్నారా? అది కాకపోతే వారసులు అమ్మలేరు. తాల్టే ఏరన్‌లో (ఇక్కడి భూముల రిజిస్ట్రీ) ఫోలియో కాపీ, అంటే ఆ ఆస్తి రికార్డు, తీయించి చూడండి, ఎవరి పేరున ఉందో తెలుస్తుంది.

లిమరిక్ కాపురం:
ప్రొబేట్ సంగతి మాకు తట్టనేలేదు! ఇప్పుడే ఏజెంట్‌కి ఫోన్ చేశా. "నడుస్తోంది" అన్నాడు, అంతకంటే ఏమీ చెప్పలేదు. మా ఆయన కూడా మీ జవాబులన్నీ చదివారు. కాసేపు మాట్లాడలేదు. తర్వాత 50,000తో కొత్తగా లెక్క వేశారు. పదేళ్లు ఉంటామా అన్నదాని మీద రాత్రి పన్నెండు దాకా మాట్లాడుకున్నాం, తేలలేదు. డిపాజిట్ మాత్రం ఆపేశాం. రేపు కౌంటీ కౌన్సిల్‌లో వేకెంట్ హోమ్స్ ఆఫీసర్‌కి ఫోన్ చేస్తా. గురువారం ఇంజినీర్‌ని తీసుకెళ్తున్నాం.

పాతపెంకుటిల్లు:
మంచిది. ఆ ఆఫీసర్లు ప్రతి కౌన్సిల్‌లోనూ ఉంటారు. మాకు దొరికినావిడ ఫారం పక్కన కూర్చుని నింపించినంత పని చేసింది. ఎంపీఆర్ఎన్ నంబరు, ఇంటి ఫొటోలు దగ్గర పెట్టుకుని ఫోన్ చేయండి. గురువారం గట్టి బూట్లు వేసుకోండి, టార్చిలైటు పట్టుకెళ్లండి, లోపల కరెంటు ఉండదు. బాబుని తీసుకెళ్లొద్దు.