కన్విన్స్ అంటే నమ్మించడమా, ఒప్పించడమా?

పదనిస: అనువాదంలో ఓ వాక్యం. "హి కన్విన్స్‌డ్ హర్ టు సైన్." నేను "ఒప్పించి సంతకం పెట్టించాడు" అని రాశాను. సరిచూసినవాళ్ళు "నమ్మించి" అని దిద్దారు. ఒక్క మాటతో మనిషి మోసగాడైపోయాడు! ఏది రైటు?

కొమ్ముదీర్ఘం: అసలు ఆ ఇంగ్లిషు వాక్యమే తప్పు. కన్విన్స్ తర్వాత 'ఆఫ్' గానీ 'దట్' గానీ రావాలి. 'టు' వచ్చేది పర్స్వేడ్‌కి. మొదటిది మనసు మార్చడం, రెండోది పని చేయించడం. మా రోజుల్లో దీనికి మార్కులు కోసేవారు.

చిట్టిగువ్వ: ఆ మార్కులింకా మర్చిపోలేదా సార్!

పదనిస: నేనడిగింది తెలుగు సంగతండీ. అయినా 'కన్విన్స్ టు' అమెరికాలో 1950ల నుంచీ బాగానే నలుగుతోంది. నిఘంటువులూ ఇస్తున్నాయి.

కొమ్ముదీర్ఘం: నిఘంటువులు దేనికైనా తలూపుతాయి. లాటిన్‌లో 'విన్‌కెరె' అంటే గెలవడం. కన్విన్స్, కన్విక్ట్ రెండూ ఆ కడుపున పుట్టినవే. 1611 కింగ్ జేమ్స్ బైబిలు, యోహాను 8:46 తీయండి, అక్కడ కన్విన్స్ అంటే పాపం రుజువు చెయ్యడం. పర్స్వేడ్‌లోని 'స్వాదెరె' సలహా చెప్పడం. వాదించి నెగ్గడం వేరు, నచ్చజెప్పడం వేరు.

నిమ్మళం: ఇప్పుడు మాతో మీరు చేస్తున్నది ఏదండీ?

పదనిస: పాఠం చెప్పే ఓపిక ఉంది గానీ అడిగింది చదివే ఓపిక లేదు మీకు. నమ్మించి గొంతు కోశాడంటాం. ఒప్పించి గొంతు కోశాడని ఎవరైనా అంటారా?

కొమ్ముదీర్ఘం: అనరు. నా బాధా అదే! ఒప్పించారంటే అంతా సవ్యంగా జరిగినట్టే లెక్క. మా అన్నదమ్ముల పంపకాలప్పుడు పెద్దమనుషులు రాత్రి 11 దాకా కూర్చోబెట్టారు. "నువ్వు పెడితే అందరం పడుకుంటాం" అన్నారు. పెన్ను మూత కూడా వాళ్ళే తీసిచ్చారు. పెట్టాను. ఇప్పటికీ "వాణ్ణి ఒప్పించాం" అనే చెప్పుకుంటారు. నేనెప్పుడు ఒప్పుకున్నాను?

చిట్టిగువ్వ: సారీ సార్.

పదనిస: అది తెలియక మాట తూలాను, ఏమనుకోకండి. కానీ దానికి పర్స్వేడ్ కూడా అతకదు కదా.

కొమ్ముదీర్ఘం: అతకదు. మీ వాక్యంలో ఆవిడ ఇష్టపడే పెట్టిందా? ముందేముంది?

పదనిస: మూడుసార్లు వద్దంటుంది. అతను కాగితం ఆవిడ వైపు జరిపి, వెళ్ళి కిటికీ దగ్గర నిలబడతాడు. అంతే.

కొమ్ముదీర్ఘం: అయితే రెండు మాటలూ తీసెయ్యండి. "సంతకం పెట్టించాడు" చాలు.

పదనిస: బాగానే ఉంది. మరి మూలంలో రచయిత కన్విన్స్ అనే రాశాడే, దాన్నేం చెయ్యను?