స్లాబ్‌కు ఓపీసీ తప్పదా? కడప వైపు ఎల్‌సీ3 సిమెంటు దొరుకుతుందా?

నమస్కారం అండీ. ఎర్రగుంట్లలో ఇల్లు కడుతున్నాం, వచ్చే నెల స్లాబ్. మేస్త్రీ ఓపీసీ 53 (దాదాపు అంతా క్లింకరే ఉండే మామూలు సిమెంటు) తప్ప వద్దంటున్నాడు. నాకేమో క్లింకర్ (సున్నపురాయి, మట్టి కలిపి కాల్చిన గడ్డలు, వీటిని పొడి చేసే సిమెంటు చేస్తారు) తక్కువున్న సిమెంటు వాడాలని గట్టిగా ఉంది. క్లింకర్ కోసం 1450 డిగ్రీల దాకా కాల్చేటప్పుడు బొగ్గు నుంచే కాదు, సున్నపురాయిలోంచి కూడా కార్బన్ డయాక్సైడ్ బయటికొస్తుంది. చుట్టూ సిమెంటు ఫ్యాక్టరీలున్న ఊరివాళ్లం, మనమే పట్టించుకోకపోతే ఎలా?

ఎల్‌సీ3లో క్లింకర్ దాదాపు సగమే. మిగతాది కాల్చిన బంకమట్టి, సున్నపురాయి పొడి, కొంచెం జిప్సం. 2023లో ఐఎస్ 18189 ప్రమాణం కూడా వచ్చింది. కడప, ప్రొద్దుటూరులో బస్తాల్లో ఎవరైనా కొన్నారా?

దొరక్కపోతే ఫ్లైయాష్ (బొగ్గు బూడిద) కలిసిన పీపీసీ సిమెంటుతో పోస్తాను. మన ఎండలకు ఎన్ని రోజులు నీళ్లు కట్టాలి, సెంట్రింగ్ ఎప్పుడు విప్పాలి? దాంతో స్లాబ్ పోసినవాళ్లు చెప్పండి, మేస్త్రీకి చూపిస్తాను.